కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని రాగానే అన్నీ పీకేయకండి: ఫుల్ స్టాక్ మెషీన్ టెస్ట్ ప్రిపరేషన్ అనుభవాలు

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు, బీటెక్ అయ్యాక కాకినాడలో భానుగుడి దగ్గర రూమ్ తీసుకుని ప్రిపేర్ అయ్యాను, ఈమధ్యే ఒక కంపెనీలో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్ ముందు, వెనుక భాగాలు రెండూ రాసే) ఉద్యోగానికి మెషీన్ టెస్ట్ (కంప్యూటర్ మీదే కోడ్ రాసి చూపించే పరీక్ష), ఇంటర్వ్యూ రెండూ క్లియర్ అయ్యాయి. ఏం చదివావు, ఎక్కడ కోచింగ్ తీసుకున్నావు అని చాలామంది అడుగుతున్నారు. డేటా స్ట్రక్చర్స్, జావాస్క్రిప్ట్ ప్రామిసెస్ ఇవన్నీ చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. ఎవరూ సరిగ్గా చెప్పని ఒక్క టాపిక్ గురించే రాస్తాను, లోకల్ డేటాబేస్ కనెక్ట్ అవ్వకపోవడం.

ఈ టెస్టుల్లో చాలావరకు ఒక నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపేది) ప్రాజెక్ట్ ఇచ్చి రన్ చేసి రెండు మూడు ఏపీఐలు (వేరే ప్రోగ్రామ్‌లు మన సర్వర్‌ని డేటా అడిగే దారులు) రాయమంటారు. ఏపీఐ రాయడం అందరికీ వచ్చండి. ప్రాజెక్ట్ నడపడానికి ఎన్‌పీఎం స్టార్ట్ కొట్టగానే ఎర్రగా "కనెక్ట్ ఈకాన్‌రెఫ్యూజ్డ్ 127.0.0.1:27017" అని పడుతుంది చూడండి, సగంమంది టైమ్ అక్కడే ఆవిరైపోతుంది. నోడ్ మాడ్యూల్స్ (ప్రాజెక్ట్ వాడే లైబ్రరీల ఫోల్డర్) డిలీట్ చేస్తారు, మళ్ళీ ఇన్‌స్టాల్ కొడతారు, పాస్‌వర్డ్ మారుస్తారు, ఆఖరికి మాంగోడీబీ డేటాబేస్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. వీటిలో ఒక్కటి కూడా ఆ ఎర్రర్‌కి మందు కాదు, ఎందుకంటే ఆ లైన్‌లోనే విషయం అంతా రాసి ఉంది, ఎవరూ చివరిదాకా చదవరు అంతే.

రెఫ్యూజ్డ్ అంటే ఏంటంటే, మన ప్రోగ్రామ్ ఆ అడ్రస్‌కి (127.0.0.1 అంటే మన కంప్యూటరే) వెళ్ళి ఆ పోర్ట్ (27017, ఒక్కో సర్వర్‌కి ఉండే తలుపు నంబర్) తలుపు తట్టింది, అక్కడ వినేవాళ్ళు ఎవరూ లేరని ఆపరేటింగ్ సిస్టమే వెంటనే తిప్పి పంపేసింది. టీసీపీ (నెట్‌వర్క్‌లో కనెక్షన్ పెట్టే పద్ధతి) భాషలో అయితే సిన్ (కనెక్షన్ అడిగే ప్యాకెట్) పంపితే రీసెట్ (కుదరదనే జవాబు) వచ్చింది. టైమ్ అవుట్ అలా కాదు, అసలు జవాబే రాదు. గోదావరి దాటడానికి కోటిపల్లి రేవుకి వెళ్తే అక్కడి మనిషి "పంటు లేదండి, ఆపేశారు" అని మొహం మీదే చెప్పేస్తే అది రెఫ్యూజ్డ్, చెప్పే నాథుడే లేక రేవులో నిలబడి నిలబడి వెనక్కొస్తే అది టైమ్ అవుట్. ఈ తేడా ఒక్కటి బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే. టైమ్ అవుట్ అయితే ఫైర్‌వాల్ వైపు, నెట్‌వర్క్ వైపు చూడాలి. ఈనాట్‌ఫౌండ్ అని వస్తే హోస్ట్ పేరే తప్పు. యాక్సెస్ డినైడ్ అని వస్తే సంతోషించండి, కనెక్షన్ అయిపోయింది, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ మాత్రమే తేడా. అంటే రెఫ్యూజ్డ్ వచ్చినప్పుడు పాస్‌వర్డ్ ముట్టుకోవాల్సిన పనే లేదు, పాస్‌వర్డ్ అడిగే దాకా మనం వెళ్ళనే లేదు కదా.

కాబట్టి మొదటి పని ఎర్రర్‌లో ఉన్న అడ్రస్, పోర్ట్ రెండూ చదవడం. 27017 అయితే మాంగో, 3306 అయితే మైఎస్‌క్యూఎల్, 5432 అయితే పోస్ట్‌గ్రెస్, 6379 అయితే రెడిస్. నవ్వకండి, ప్రాజెక్ట్‌లో మాంగో, రెడిస్ రెండూ ఉంటే రెడిస్ ఆగిపోయినందుకు మాంగోని రీస్టార్ట్ చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండో పని ఆ పోర్ట్ మీద ఎవరైనా వింటున్నారా అని చూడడం. విండోస్‌లో నెట్‌స్టాట్ మైనస్ ఏఎన్‌ఓ కొట్టి ఫైండ్‌ఎస్‌టీఆర్‌తో ఆ పోర్ట్ నంబర్ వెతకండి, లిజనింగ్ అని ఉన్న లైన్ కనపడాలి, చివర్లో ప్రాసెస్ ఐడీ ఉంటుంది. లినక్స్‌లో ఎస్‌ఎస్ మైనస్ ఎల్‌టీఎన్‌పీ. లైన్ లేదా, సర్వర్ లేవలేదు, కోడ్ మూసేసి సర్వీస్ వైపు వెళ్ళండి. లైన్ ఉందా, సర్వర్ బతికే ఉంది, మన కోడ్ వేరే అడ్రస్‌కో వేరే పోర్ట్‌కో పోతోంది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది, ఏ దారో తేల్చుకోకుండా ఏదీ మార్చకూడదు, టెస్ట్‌లో కూడా వాళ్ళు చూసేది ఇదే అని నా నమ్మకం.

సర్వర్ లేవకపోవడానికి మన వైపు ఫస్ట్ కారణం కరెంట్ అండి బాబూ. ఎండాకాలం వచ్చిందంటే, తుఫాను అన్నారంటే పోతూ వస్తూ ఉంటుంది, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే దడేల్‌మని ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేశాక నిన్న పని చేసిన ప్రాజెక్ట్ ఈరోజు రెఫ్యూజ్డ్ అంటుంది. చాలాసార్లు డేటా ఏమీ పాడవ్వదు, మాంగోలో జర్నల్ (మార్పులు ముందే రాసుకునే ఫైల్) ఉంటుంది, లేచేటప్పుడు తనే సరిచేసుకుంటుంది. అసలు గొడవేంటంటే ఉబుంటు లినక్స్‌లో సిస్టమ్‌సీటీఎల్ (సర్వీసులు నడిపే కమాండ్) స్టార్ట్ ఒక్కటే కొట్టి ఎనేబుల్ కొట్టకపోతే రీబూట్ అయ్యాక సర్వీస్ తనంతట తాను లేవదు. విండోస్‌లో అయితే సర్వీసెస్ విండోలో స్టార్టప్ టైప్ మాన్యువల్ అని ఉంటే ఆటోమేటిక్ చేసుకోవాలి. అందుకని ఎవరైనా కరెంట్ పోయాక డేటాబేస్ కరప్ట్ అయిపోయింది, రిపేర్ కొట్టాలి అంటే ముందు స్టేటస్ చూడమనండి.

స్టేటస్‌లో ఫెయిల్డ్ అని ఉంటే లాగ్ చదవాలి, వార్ లాగ్ మాంగోడీబీ ఫోల్డర్‌లో ఉంటుంది, కిందనుంచి పైకి చదువుకుంటూ రండి. ఎగ్జిట్ కోడ్ 48 అయితే ఆ పోర్ట్‌ని ఇంకెవరో పట్టుకున్నారు. 100 అయితే సాధారణంగా డేటా ఫోల్డర్ సంగతి, ఎక్కువగా టెర్మినల్‌లో ఉత్తినే మాంగోడీ (మాంగో సర్వర్ ప్రోగ్రామ్) అని కొట్టినప్పుడు వస్తుంది, స్లాష్ డేటా స్లాష్ డీబీ అనే ఫోల్డర్ వెతుక్కుంటుంది, అది ఉండదు. 14 మాత్రం మహా చికాకు. సర్వీస్ లేవట్లేదని ఎవరో సుడో (రూట్, అంటే అడ్మిన్ అధికారంతో నడపడం) పెట్టి మాంగోడీ నడిపేస్తారు, అప్పటికి పని అయిపోతుంది, కానీ టెంప్ ఫోల్డర్‌లో మాంగోడీబీ-27017 సాకెట్ ఫైల్ (అదే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ఫైల్), డేటా ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్ళు రూట్ పేరు మీద మిగిలిపోతాయి. తర్వాత మామూలు సర్వీస్ మాంగోడీబీ యూజర్‌గా లేద్దామంటే వాటిని ముట్టుకోలేక పడిపోతుంది. ఆ సాకెట్ ఫైల్ తీసేసి, డేటా ఫోల్డర్ ఓనర్‌ని మళ్ళీ మాంగోడీబీకి మారిస్తే లేస్తుంది. సుడో అన్నిటికీ జిందా తిలిస్మాత్ కాదు ఫ్రెండ్స్.

ఇప్పుడు అసలు మజా ఉన్నది, సర్వర్ బతికే ఉంది కానీ నోడ్‌కి మాత్రం రెఫ్యూజ్డ్. ఎర్రర్‌లో 127.0.0.1 బదులు ::1:27017 అని ఉందేమో చూడండి. ::1 అంటే ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్) లో లోకల్‌హోస్ట్, అంటే మన కంప్యూటరే; 127.0.0.1 పాత ఐపీవీ4 రకం. నోడ్ 16 దాకా లోకల్‌హోస్ట్ అంటే ఐపీవీ4 అడ్రస్‌నే ముందు పెట్టేది. 2021 అక్టోబర్‌లో వచ్చిన నోడ్ 17 నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలోనే తీసుకుంటోంది, చాలా సిస్టమ్స్‌లో ::1 ముందొస్తుంది. మాంగో మాత్రం డీఫాల్ట్‌గా 127.0.0.1 మీదే కూర్చుని ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, కలుసుకోరు. కనెక్షన్ స్ట్రింగ్‌లో (డేటాబేస్ అడ్రస్ రాసే లైన్) లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 పెడితే చాలు. సీనియర్ల లాప్‌టాప్‌లో నడిచిన ప్రాజెక్ట్ మన దగ్గర నడవకపోవడానికి తరచూ ఇదే కారణం, వాళ్ళది పాత నోడ్. నోడ్ 20 నుంచి రెండు అడ్రస్‌లూ ట్రై చేసే పద్ధతి డీఫాల్ట్ అయింది కాబట్టి ఈ గొడవ తగ్గింది, కానీ ఇంకో తలనొప్పి వచ్చింది. రెండూ ఫెయిల్ అయితే అగ్రిగేట్ ఎర్రర్ అని వస్తుంది, దాని మెసేజ్ ఖాళీగా ఉండొచ్చు. కోడ్‌లో ఎర్రర్ డాట్ మెసేజ్ మాత్రమే ప్రింట్ చేస్తుంటే స్క్రీన్ మీద ఏమీ పడదు, పిచ్చెక్కుతుంది. ఎర్రర్ మొత్తం ప్రింట్ చేయండి.

మైఎస్‌క్యూఎల్ దగ్గర వేరే కథ. లినక్స్‌లో టెర్మినల్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ఓపెన్ అవుతుంది, టేబుల్స్ కనపడతాయి, నోడ్‌లో మాత్రం రెఫ్యూజ్డ్. ఎందుకంటే ఆ క్లయింట్ లోకల్‌హోస్ట్ అంటే టీసీపీలో వెళ్ళదు, యూనిక్స్ సాకెట్ ఫైల్ ద్వారా దొడ్డిదారిన వెళ్తుంది. నోడ్ డ్రైవర్ సాకెట్ పాత్ ఇవ్వనంతవరకు టీసీపీలోనే వెళ్తుంది. సర్వర్ కాన్ఫిగ్‌లో స్కిప్ నెట్‌వర్కింగ్ ఉన్నా, పోర్ట్ మార్చి ఉన్నా క్లయింట్‌కి ఏమీ తెలియదు, నోడ్‌కే దెబ్బ. టెర్మినల్‌లో మైనస్ హెచ్ 127.0.0.1 ఇచ్చి చూస్తే నిజం బయటపడుతుంది. విండోస్‌లో జాంప్ (డేటాబేస్ సర్వర్ కలిపి వచ్చే ప్యాకేజ్) వాడేవాళ్ళకి ఇంకోటి, విడిగా మైఎస్‌క్యూఎల్ కూడా ఇన్‌స్టాల్ చేసి ఉంటే రెండూ 3306 కోసమే కొట్టుకుంటాయి, జాంప్‌ని 3307కి మార్చేసి కోడ్‌లో 3306 అలాగే వదిలేస్తారు.

పోర్ట్, పాస్‌వర్డ్ లాంటి సెట్టింగులు రాసుకునే డాట్ ఈఎన్‌వి ఫైల్ గురించి కూడా గట్టిగా చదవండి. అది లోడ్ అవ్వకపోతే మాంగూస్ (నోడ్ నుంచి మాంగోతో మాట్లాడే లైబ్రరీ) అయితే యూఆర్ఐ అన్‌డిఫైన్డ్ అని మొహం మీదే చెప్పేస్తుంది. మైఎస్‌క్యూఎల్2, పీజీ (పోస్ట్‌గ్రెస్‌ది) లైబ్రరీలు అలా చెప్పవు, హోస్ట్ ఇవ్వకపోతే వాటంతట అవే లోకల్‌హోస్ట్, డీఫాల్ట్ పోర్ట్ అనుకుని వెళ్ళిపోతాయి. మనం ఫైల్‌లో వేరే పోర్ట్ రాశాం, ఎర్రర్‌లో 5432 కనపడుతోంది అంటే ఫైల్ చదవలేదనే అర్థం. డాట్‌ఈఎన్‌వి లైబ్రరీ మనం ఏ ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ కొట్టామో అక్కడే ఫైల్ వెతుకుతుంది, పై ఫోల్డర్‌లోంచి నోడ్ బ్యాకెండ్ స్లాష్ సర్వర్ అని కొడితే బ్యాకెండ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ దొరకదు. ఇంపోర్ట్ స్టైల్ కోడ్‌లో అయితే ఇంపోర్టులన్నీ ముందు నడిచిపోతాయి, కాన్ఫిగ్ లైన్ తర్వాత నడుస్తుంది, అందుకే డాట్‌ఈఎన్‌వి స్లాష్ కాన్ఫిగ్‌ని అన్నిటికంటే పైన ఇంపోర్ట్ చేయాలి.

డాకర్ (ప్రోగ్రామ్‌లని కంటైనర్ అనే విడి పెట్టెల్లో నడిపే టూల్) సిలబస్‌లో ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మన లాప్‌టాప్ కాదు, కాబట్టి కంపోజ్ ఫైల్‌లో (కంటైనర్ల వివరాలు రాసే ఫైల్) ఉన్న సర్వీస్ పేరు హోస్ట్‌గా ఇవ్వాలి. పోర్ట్ 3307:3306 అని మ్యాప్ చేస్తే బయటనుంచి 3307, పక్క కంటైనర్ నుంచి 3306. ఉత్తి డిపెండ్స్ ఆన్ రాస్తే డేటాబేస్ రెడీ అయ్యేదాకా ఆగదు, కంటైనర్ స్టార్ట్ అయిందా లేదా అంతే చూస్తుంది, హెల్త్‌చెక్ పెట్టి సర్వీస్ హెల్దీ అని కండిషన్ ఇవ్వాలి.

పాత లాప్‌టాప్ వాళ్ళు మాత్రం ఇది తప్పకుండా చూసుకోండి. మాంగోడీబీ 5.0 నుంచి ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ (ఒక ఇన్‌స్ట్రక్షన్ల సెట్) ఉండాలి, పాత పెంటియం, సెలెరాన్ మెషీన్లలో ఉండదు. ఇన్‌స్టాల్ శుభ్రంగా అవుతుంది, స్టార్ట్ అవ్వగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చిపోతుంది, మనకి నోడ్‌లో కనపడేది మాత్రం అదే రెఫ్యూజ్డ్. మా రూమ్మేట్‌ది పాలకొల్లు, వాళ్ళ అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ తెచ్చుకున్నాడు, దానికి ఇదే జబ్బు. ప్రాక్టీస్ వరకే కదా అని 4.4 వేసుకున్నాడు, హాయిగా నడిచింది. ఉద్యోగంలో మాత్రం సపోర్ట్ అయిపోయిన వెర్షన్ పెట్టకండి.

మేమిద్దరం ప్రిపేర్ అయిన పద్ధతి చెప్తాను, నాకు వీడియోల కంటే ఇదే పనికొచ్చింది. రాత్రి భోజనం అయ్యాక ఒకడి ప్రాజెక్ట్ ఇంకొకడు పాడుచేయాలి, ఒక్కటే మార్పు, ఏం చేశాడో చెప్పకూడదు. సర్వీస్ ఆపేయడం, కాన్ఫిగ్‌లో పోర్ట్ ఒక అంకె మార్చడం, డాట్ ఈఎన్‌వి ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ తగిలించడం. "బావా, ఈసారి నువ్వు పట్టుకోలేవు" అని వాడు మాంగో కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక లైన్ ముందు ఉన్న స్పేసుల బదులు ట్యాబ్ పెట్టాడు. అది యామల్ (స్పేసులతో అమర్చి రాసే ఫైల్ ఫార్మాట్) కాబట్టి ట్యాబ్ ఒప్పుకోదు, సర్వర్ లేవనే లేవదు, కంటికి మాత్రం రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అప్పటినుంచి కాన్ఫిగ్ ఫైల్ ఎర్రర్ అని లాగ్‌లో కనపడితే నా చెయ్యి ముందు స్పేసుల మీదకే పోతుంది.

ఇంటర్వ్యూలో కూడా ఇదే లైన్‌లో అడిగారు. రెఫ్యూజ్డ్‌కి టైమ్ అవుట్‌కి తేడా, ::1 ఎందుకు వస్తుంది, మాంగూస్‌లో బఫరింగ్ టైమ్డ్ అవుట్ ఆఫ్టర్ 10000 ఎంఎస్ అంటే ఏంటి. ఆ మూడోదానికి జవాబు, కనెక్షన్ అవ్వకముందే క్వెరీ కొట్టాం, మాంగూస్ దాన్ని పది సెకన్లు దాచిపెట్టి వదిలేసింది, కాబట్టి అసలు కారణం కనెక్షన్ దగ్గరే వెతకాలి అని. ఆఖర్న ఒక కొర్రీ ప్రశ్న వేశారు, అట్లాస్ (మాంగోడీబీ వాళ్ళ క్లౌడ్ డేటాబేస్) వాడుతుంటే క్వెరీఎస్‌ఆర్‌వి ఈకాన్‌రెఫ్యూజ్డ్ అని వచ్చింది, డేటాబేస్ ఆగిపోయిందా అని. కాదండి, అక్కడ తిప్పి పంపింది డీఎన్‌ఎస్ సర్వర్ (పేరు అడిగితే అడ్రస్ చెప్పేది), మాంగోడీబీ ప్లస్ ఎస్‌ఆర్‌వి అని మొదలయ్యే అడ్రస్‌కి ముందు డీఎన్‌ఎస్‌ని అడగాలి, అదే జరగలేదు, 8.8.8.8 లాంటి వేరే డీఎన్‌ఎస్ పెట్టి చూస్తాను, లేదంటే ఎస్‌ఆర్‌వి లేని పాత పద్ధతి స్ట్రింగ్ వాడతాను అన్నాను. ఆయన తలూపి జాయినింగ్ ఎప్పుడు అవ్వగలవు అనే వైపు వెళ్ళిపోయారు.