అంబాసిడర్ మీటర్లు: పగలు నిజం, రాత్రి అబద్ధం

దొరికింది! నాలుగు ఆదివారాలు మింగేసిన జబ్బు నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి దొరికింది. విశాఖ లాసన్స్ బే కాలనీలో మా గేటు ముందు, నోట్లో టార్చి కరుచుకుని, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. మెడ ఇంకా సరిగ్గా తిరగడం లేదు.

బండి 1988 అంబాసిడర్, మార్క్ 4, పెట్రోలు. పెట్రోలు ముల్లు పావు దగ్గర ఉండాల్సింది సగం దాటి నిలబడుతోంది. సింహాచలం కొండ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు హెచ్ (బాగా వేడి) గుర్తు మీదికి పోయింది, గుండె ఆగినంత పనైంది. పక్కకి ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, పొంగు లేదు, ఇంజిన్ హాయిగా ఉంది. ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే ట్యాంక్ యూనిట్ (ట్యాంకులో పెట్రోలు మట్టం చూసేది), టెంపరేచర్ సెన్సర్ రెండూ మార్చేయమన్నాడు. ఇంట్లో ఇద్దరికీ ఒకే రోజు కడుపునొప్పి వస్తే వంట ఏం చేశారో చూస్తాం గానీ ఇద్దరినీ ఆపరేషన్‌కి పంపం కదా. అయినా ఆ రోజు తొందరలో సెన్సర్ కొనేశాను. పాతది బాగానే ఉందని తర్వాత తేలింది.

రెండు మీటర్లకీ ఉమ్మడిగా ఉన్నది వెనకాల స్టెబిలైజర్ ఒక్కటే, కరెంటుని ఆపి ఆపి వదులుతూ మీటర్లకి సగటున 10 వోల్టులు ఇచ్చే రేకు డబ్బా. టెస్ట్ బల్బు పెడితే మిణుకు మిణుకుమనాలి, ఇది దీపంలా వెలుగుతూనే ఉంది. మల్టీమీటర్‌లో ఇంజిన్ ఆపి 12.4 వోల్టులు, నడుస్తుంటే 13.9. సగటున 10 రావాల్సిన చోట 13.9 వస్తే, ఈ ముళ్లు వేడిని బట్టి కదిలేవి, వేడేమో వోల్టేజి వర్గంతో పెరుగుతుంది కాబట్టి 1.39 వర్గం, అంటే దాదాపు 1.93 రెట్లు వేడి. ముళ్లు పైకి పోక ఏం చేస్తాయి. రేకు డబ్బా విప్పి చూస్తే లోపల పాయింట్లు అతుక్కుపోయాయి.

కొత్త స్టెబిలైజర్ వెతకలేదు. పేరూ ఊరూ లేని డూప్లికేట్ ఒకటి గతంలో వేసి మూడు నెలల్లో మళ్లీ ఇదే గొడవ పడ్డాను. 7810 ఐసీ (నిలకడగా 10 వోల్టులిచ్చే చిప్పు), ఇన్‌పుట్‌కి 0.33, అవుట్‌పుట్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, చిన్న అల్యూమినియం హీట్‌సింక్, అంతా పాత డబ్బాలోనే ఇరికించాను. కొలిస్తే 10.02. పెట్రోలు ముల్లు సగం దగ్గర బుద్ధిగా కూర్చుంది (అప్పటికి సగం ట్యాంకు పోయించాను). పని అయిపోయిందనుకున్నా.

సాయంత్రం బీచ్ రోడ్డు మీదికి తీసుకెళ్లి, చీకటి పడ్డాక లైట్లు వేశాను. సగం దగ్గరున్న ముల్లు మెల్లగా ఎక్కి ముప్పావుకి కాస్త ఇవతల ఆగింది. లైట్లు తీసేస్తే నిమిషంలో కిందికి. మళ్లీ వేస్తే మళ్లీ పైకి. బ్యాటరీ వైపు వోల్టేజి తగ్గి ముల్లు పడిపోతే అర్థముంది, పెరగడమేంటి? ఇంటికొచ్చి లైట్లు వేసే కొలిచాను, 10.02. ఐసీ మార్చాను, 10.01. ముల్లు మాత్రం పైనే. నాన్న వరండాలోంచి, "కిలోమీటర్లు లెక్కెట్టుకుని పెట్రోలు పోయించుకునేవాళ్లంరా మేము, ఆ ముల్లు ఎవడు చూశాడు" అన్నారు. ఆ టైములో అదేం ఓదార్పు కాలేదు.

మూడు వారాలు తప్పు చేసింది నేనే. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ ప్రతిసారీ డాష్‌బోర్డు మీటర్ల రేకు బాడీకి ఆనించి కొలుస్తున్నాను, చేతికి దగ్గరగా ఉంది కదాని. నిన్న పొడవాటి వైరుతో నల్ల ప్రోబ్‌ని తిన్నగా బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఎర్రది అదే అవుట్‌పుట్‌కి పెడితే 11.3! రెండు ప్రోబ్‌లూ మీటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య పెడితే లైట్లు ఆఫ్‌లో 0.02, ఆన్‌లో 1.3. మీటర్ లైట్లు నాలుగు, ఒక్కోటి 2.2 వాట్లు, అంతా కలిపి 0.7 ఆంప్. అంటే ఎర్త్ దారిలో (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి) ఎక్కడో రెండు ఓమ్‌లకి కాస్త తక్కువ అడ్డం ఉంది. ఐసీ తన ఎర్త్ నుంచి నిజాయితీగా 10 ఇస్తోంది, ఆ ఎర్తే 1.3 పైకి లేచి కూర్చుంది. ట్యాంక్ యూనిట్ ఎర్త్ వెనక బాడీకి విడిగా ఉంది కాబట్టి ముల్లుకి అందేది 11.3.

మీటర్ల ఎర్త్ నల్ల వైరు పట్టుకుని వెళ్తే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనకీ మధ్య రేకు గోడ) మీద స్క్రూ కింద ఒక లగ్గు, వైరు చివర బిగించే రేకు ముక్క. విప్పితే లగ్గు కింద నిగనిగలాడే తెల్ల పెయింటు! 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి కొమ్మ విరిగి బానెట్ మీద పడ్డాక టింకరింగ్, పెయింటింగ్ చేయించాం. అప్పుడు స్క్రూ విప్పి, అంతా పెయింటు కొట్టి, దాని మీదే లగ్గు బిగించేశారు. ఇన్నేళ్లూ ఎర్త్ కరెంటు స్క్రూ థ్రెడ్ల ద్వారానే పోయిందన్నమాట, ఆ థ్రెడ్లు ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టేదాకా. లగ్గు వెనక వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలింది.

ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకాను, కొత్త లగ్గు, పళ్ల వాషర్, పైన వాజలీన్. డబ్ల్యుడి-40 కొట్టేసి వదిలేసేవాళ్లున్నారు. తడి పోగొట్టడానికి అది మంచిదే, పెయింటుని మాత్రం ఏమీ చేయలేదు. నమ్మకం లేక 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి మీటర్ బాడీ నుంచి తిన్నగా బ్యాటరీకి కూడా లాగాను. ఇప్పుడు లైట్లు ఆన్‌లో 0.04. ముల్లు కదల్లేదు, పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మీటర్లకి ఎల్‌ఈడీలు వేయమని తమ్ముడు పోరుతున్నాడు. వేసుంటే కరెంటు తగ్గి ఈ జబ్బు దాక్కునేది, వేయకపోవడమే అదృష్టం.



మిగిలింది: 7810కి లోపలికి దాదాపు 12 వోల్టులు కావాలి. ఇంజిన్ ఆపి తాళం తిప్పితే వైరింగ్ నష్టం పోను 11.4 వస్తోంది, అవుట్‌పుట్ 9.6, అందుకని స్టార్ట్ చేసేదాకా పెట్రోలు కాస్త తక్కువ చూపిస్తోంది. ఎల్‌ఎం2940 అనే ఇలాంటి చిప్పే, పది వోల్టులది అయితే అర వోల్టు తేడాతోనే పనిచేస్తుంది, డాబాగార్డెన్స్‌లో అడగాలి, లేకపోతే ఆన్‌లైన్. దానికి అవుట్‌పుట్ కెపాసిటర్ 22 మైక్రోఫారడ్ కావాలి, పాత 0.1తో పెడితే వోల్టేజి ఊగుతుంది. వచ్చే శనివారం చీకటి పడ్డాక భీమిలి దాకా వెళ్లి రావాలి, లైట్లు వేసుకునే.