మా గల్లీల బండ్లకు ఒక వరుస ఉన్నది

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల పాల ప్యాకెట్ల కోసం బయటికొస్తే, మా ఇంటి ముందటి కరెంటు స్తంభానికి ఒక కాయిదం అంటించి ఉన్నది. మైద ఇంకా కారుతనే ఉన్నది. కండ్లద్దాలు తెచ్చుకొని చదివిన. పొద్దున 8 నుంచి రాత్రి 9 దాక మా గల్లీల కార్లు, ఆటోలు, ట్రాలీలు ఏ పక్కన నిలిపినా గుంజుకపోతరంట. స్కూటర్లు, మోటరు సైకిళ్లు మాత్రం ఎడమ పక్కకు పెట్టుకోవచ్చట. అభ్యంతరాలుంటే 15 రోజులల్ల రాసియ్యాలె. పైన జిల్లా పేరు వరంగల్ అర్బన్ అనే ఉన్నది. 2021లనే మాది హనుమకొండ జిల్లా అయింది. ఆ ముచ్చట కాయిదం కొట్టినాయనదాక ఇంకా చేరనట్టున్నది.

నేను ఆర్టీసీల డ్రైవర్‌గ చేసి రిటైరైన. ములుగు, ఏటూరునాగారం దిక్కే ఎక్కువ తిరిగిన. రెండేండ్లకోసారి మేడారం స్పెషళ్లు. బండి నడుపుడు ఎవలకైనా వస్తది గని, నిలుపుడు రావాలంటే జాతర డ్యూటీ చెయ్యాలె. అక్కడ ఎటు చూసినా బస్సులే. నిలిపేటప్పుడు జాగ ఎంతున్నదని చూడం, ఏ బండి ఎప్పుడు బయటపడాలె అని చూస్తం. ముందు పోయేదానికి అడ్డం ఇంకోటి ఉండద్దు. అదొక్కటి తప్పితే తెల్లారిందాక హారన్లే.

మా గల్లీల గూడ అదే వరుస నడుస్తది. ఎవ్వరం కూసోని రాసుకున్నది కాదు. పాలవ్యాను తమ్ముడు రాత్రి పదకొండు దాటినంక వచ్చి గల్లీ మూతిల పెడతడు, ఎందుకంటే మూడున్నరకే పోవాలె. వాని వెనుక కూరగాయల ట్రాలీ. దాని వెనుక బడి పిల్లల వ్యాను. ఆఫీసు కార్లు ఆ తర్వాత. లోపలికి పోయినకొద్ది తీరికైన బండ్లు. అన్నిటికన్నా లోపల, వేపచెట్టు కాడ, మా తమ్ముని కారు. అది పెండ్లిళ్లకు, యాదగిరిగుట్టకు తప్ప కదలది. బతుకమ్మ నాడైతే ఇంకా చిత్రం. పొద్దు వాలకముందే గల్లీల ఒక్క బండి ఉండది. ఎవ్వరు బోర్డు పెట్టరు, ఎవ్వరు నోటీసియ్యరు. ఆడోళ్లు పళ్లెంల బతుకమ్మ పట్టుకొని బయటికొచ్చేసరికి తొవ్వంత ఊడ్చి, సాంపి చల్లి ఉంటది.

నోటీసు రాసినోళ్లకు ఈ వరుస తెల్వది. తెల్వకపోవుడు వాళ్ల తప్పని గూడ అనను, పొద్దున పదకొండుకొచ్చి చూస్తే ఎవలకైనా మా గల్లీ పశువుల సంత లెక్కనే కనవడతది. అయితే ఆ టైంల ఉన్న బండ్లు ఎవలియి? ఒకరోజు నేను, పక్కింటి డిగ్రీ పోరడు గద్దె మీద కూసోని లెక్కవెట్టినం. పదకొండు గొట్టంగ 23 మోటరు సైకిళ్లు, 6 కార్లు. అండ్ల మా వాడకట్టోళ్లవి నాలుగు మోటరు సైకిళ్లు, మా తమ్ముని కారు. మిగిలినయన్ని మెయిన్ రోడ్డు మీది దవాఖానలకు, ల్యాబులకు వచ్చినోళ్లవి. మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి పేషెంటును ఎనుక కూసుండవెట్టుకొని వస్తరు పాపం, వాళ్లనేమంటం. ఒకామె నన్నే అడిగింది, "కాకా, ఇక్కడ పెడితే ఎవ్వరన్న ఏమన్న అంటరా?" అని. ఏమనరు, పెట్టుకో బిడ్డా అన్న.

ఆ బిల్డింగులకు కింద సెల్లార్లు ఉన్నయి. నేను దిగి చూసిన. ఒక దాంట్ల మందుల దుకాణం, ఇంకో దాంట్ల స్కానింగు, ఒక దాంట్ల పాత మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు. 2012ల వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం బిల్డింగు కట్టేటోడు పార్కింగు జాగ చూపెట్టాలె. ప్లాన్ల చూపెట్టిండ్రు, అది నిజమే. ప్లాను పాస్ అయినంక మందుల దుకాణం దిగింది, బండ్లు మా దర్వాజల ముందటికి ఎక్కినయి. కాయిదం మాత్రం మా స్తంభానికి అంటింది.

ఆ నోటీసు టైం చూడుండ్రి, పగలు 8 నుంచి రాత్రి 9. మా బండ్లు పగలు పనికి పోతయి, రాత్రి వస్తయి. అంటే మా బండ్లు లేని టైంల మాకు రూలు. అయితే పగలు ఇంట్ల ఉండేటోళ్లు గూడ ఉన్నరు గదా. కాజీపేట స్టేషన్ కాడ రాత్రి రైళ్లకు ఆటో నడిపే తమ్ముడు పొద్దున ఏడింటికి వచ్చి పంటడు. నోటీసు చదివి వినిపిస్తే, "పగటీలి నా ఆటోను యాడ పండవెట్టాలె అన్నా, నా మంచం పక్కకా?" అన్నడు. మూలింటి వదినకు వారంల మూడుసార్లు డయాలసిస్. ఆటో ఇంటి ముందటికి రావాలె, ఆమె మెట్లు దిగేసరికి పది నిమిషాలైతది.

దాని మీద ఇంకొకటి. నోటీసు పడ్డ నాలుగో రోజు ఒక పోలు పాతి, బోర్డు తెచ్చి గోడకు ఆనిచ్చి పోయిండ్రు. నీలం చక్రం, ఎర్ర అంచు. మధ్యల ఎర్రగీతలు రెండు, ఒకదాని మీదికెళ్లి ఒకటి. నేను చూసి నవ్వాల్నా ఏడ్వాల్నా తెలియలేదు. నో పార్కింగ్ బోర్డుకు గీత ఒక్కటే ఉంటది. రెండు గీతలుంటే నో స్టాపింగ్, అంటే మనిషిని దింపెతందుకు గూడ ఆగద్దు. డ్రైవింగు లైసెన్సు పరీక్షల అడిగే బోర్డది. అది బిగిస్తే వదిన ఆటోను నడుస్తుండంగనే ఎక్కాలె.

ఇగ పిటిషన్ రాసుడు నా మీద పడ్డది. ఆదివారం పొద్దుమీకి మా గద్దె మీద అందరు జమైండ్రు. లొల్లి లొల్లి. ఒకాయన అసలు ఏ రూలు వద్దు, మా తాతల నుంచి పెడుతున్నం అంటడు. ఆయన తాతకు సైకిలు గూడ లేకుండె, నాకెరుకే. ఒకామె మా గల్లీకి గేటు పెట్టి తాళమేద్దాం అన్నది. నేను టేపు లెక్క చెప్పిన. కారు ఐదున్నర ఫీట్ల పైమాటే, గోడకు జాగ ఇడిసిపెడితే ఆరున్నర. పెద్ద బండ్లు రెండు మీటర్ల అరవై సెంటీమీటర్ల దాక వెడల్పు ఉండొచ్చు, అంటే ఎనిమిదిన్నర ఫీట్లు. గల్లీ మూతి ఇరవై. ఒక పక్క కారు పెడితే ఫైరింజన్ హాయిగ పోతది, రెండు పక్కల పెడితే పోదు. అందుకని ఒక్క పక్కనే పెడదాం, అది మనం ఒప్పుకోవాలె అన్న. ఆడిదాక అందరు సరే అన్నరు.

వేపచెట్టు కాడ పద్నాలుగే ఉన్నది. అక్కడ ఏ పక్కన కారు పెట్టినా ఏడున్నర మిగులుతది. చెట్టు అవతల ఆరు ఇండ్లున్నయి, అండ్ల గ్యాస్ సిలిండర్లున్నయి, ముసలోళ్లున్నరు. అక్కడ మాత్రం పగలు రాత్రి ఏదీ నిలుపద్దు అని రాస్తున్న అన్న. మా తమ్ముడు లేచి నిలవడ్డడు. "అన్నా, నువ్వు మా దిక్కా, నోటీసోళ్ల దిక్కా?" నేను ఫీట్ల దిక్కు అన్న. వాడు దస్కతు పెట్టకుండనే పోయిండు. మరదలు మాత్రం పొద్దుగాల వచ్చి, వానికి చెప్పద్దని పెట్టి పోయింది.

మొత్తం 38 దస్కతులు. పిటిషన్ల రాసింది ఇది: ఒక పక్క నిలుపుడుకు ఒప్పుకుంటున్నం, చెట్టు కాడ ఎప్పుడూ వద్దంటున్నం, పగటి రూలు పెట్టేముందు సెల్లార్లు ఖాళీ చేయించుండ్రి, బోర్డు మీద ఒక గీత తీసెయ్యుండ్రి. ఇచ్చినకాడ సారు చదివి, ఎనుక పేజీ తిప్పి దస్కతులే లెక్కవెట్టిండు. నేనన్న, "సార్, ఒక్కసారి ఖాళీ ఫైరింజన్‌ను మా గల్లీకి పంపుండ్రి, ఎనుక నిలవడి రైట్ రైట్ నేనే చెప్త." నవ్విండు. ఇన్‌వర్డ్ ముద్ర ఏసిచ్చిండు.

ఫైరింజన్ రాలేదు. మొన్న ఒక పిల్లగాడు టేపు పట్టుకొని వచ్చిండు, కొత్తగ నౌకరిల చేరినట్టున్నడు. మూతి కాడ కొలిసిండు, ఇరవై. చెట్టు కాడికి వచ్చేసరికి తొవ్వకు అడ్డం మా తమ్ముని కారు. ఇంటికి తాళం. ఇగ పిల్లగాడు పొట్ట మీద పండుకొని టేపును కారు కిందికెళ్లి ఇటుదిక్కు దొబ్బిండు, నేను ఈ గోడ కాడ కొస పట్టుకున్న. పదమూడు ఫీట్ల ఎనిమిది ఇంచులు. నేను పద్నాలుగని రాసిన. నాలుగించులు తప్పు పోయింది, కన్ను మందమైనట్టున్నది.