గాలివాన తెల్లారి

రాత్రి నల్లగొండలో గాలివాన. కరెంటు పోవుడు, వచ్చుడు, మళ్ళీ పోవుడు. వడ్లు ఇంకా కల్లాల్లోనే ఉన్నాయి, రైతులకు అదొక గోస. కంప్యూటర్ రిపేరు షాపుకు మాత్రం ఇలాంటి తెల్లారి గిరాకీ ఎక్కువ. పొద్దున్నే బల్ల మీద సీపీయూలు వరుస కట్టాయి. తెచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "అన్నా, లేస్తలేదు. ఫార్మాట్ కొట్టాల్నా?"

ఫార్మాట్ సంగతి చివర్న. ఎక్కడిదాకా వచ్చి ఆగుతోందో ముందు చూడాలి. బటన్ నొక్కితే లైటే రాకపోతే కరెంటు దారిలో లోపం. లైటు వచ్చి, ఫ్యాను తిరిగి, తెర నల్లగానే ఉంటే ర్యామ్‌నో బోర్డునో అనుమానించాలి. కంపెనీ లోగో దాటి "నో బూట్ డివైస్" అంటే బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డు మీద నడిచే ప్రోగ్రాం) గానీ డిస్కు గానీ. లోగో కింద చుక్కలు తిరిగీ తిరిగీ మళ్ళీ మొదటికొస్తుంటే, అప్పుడు విండోస్. ఫార్మాట్ బాగుచేయగలిగేది ఈ ఆఖరుదాన్నొక్కదాన్నే, అదీ సీ డ్రైవ్‌లో ఉన్నదంతా పోగొట్టి.

కనగల్ వైపు నుంచి వచ్చిన ఎరువుల దుకాణం సిస్టం సరిగ్గా ఈ ఆఖరు రకం. అప్‌డేట్ శాతం ఎంతసేపటికీ కదలలేదట. షాపు మూసే వేళ, బయట గాలి. పవర్ బటన్ ఒత్తి పట్టుకున్నారు. నాలుగైదు సెకన్లు అలా పట్టుకుంటే విండోస్‌తో సంబంధం లేకుండా బోర్డే కరెంటు కోసేస్తుంది. ఇప్పుడు "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అంటోంది, నీలం తెర చూపిస్తోంది, రీస్టార్ట్ కొడితే మళ్ళీ అక్కడికే. లోపల లెక్కల సాఫ్ట్‌వేరు టాలీ ఉంది, ఉద్దెర లెక్కలన్నీ అందులోనే.

విండోస్ ప్రతి ముక్కనూ అప్పటికప్పుడు డిస్కు మీద రాయదు. కొంత ర్యామ్‌లో పెట్టుకుని వీలు చూసి రాస్తుంది. డిస్కు మీద ఫైళ్ళను అమర్చే విండోస్ పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. దానికి ఒక లాగ్ ఉంటుంది. దుకాణంలో ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఖాతాకు ఎక్కించినట్టు, చేయబోయే మార్పు ముందు అందులో పడుతుంది. కరెంటు పోయి వచ్చాక దాన్ని చూసే ఫోల్డర్లనూ ఫైళ్ళ పట్టికనూ సరిచేసుకుంటుంది. ఫైలు లోపలి సరుకుకు మాత్రం ఆ లాగ్ పూచీ పడదు. పేరు సరిగ్గా, సైజు సరిగ్గా ఉండి, తెరిస్తే లోపలంతా సున్నాలే ఉన్న ఫైళ్ళు తగిలేది అందుకే. ఇక అప్‌డేట్ నడుమ తెగితే సిస్టం ఫైళ్ళు కొన్ని కొత్తవి, కొన్ని పాతవి. రెంటికీ పొసగదు.

రిపేరు కమాండ్ల కంటే ముందు డిస్కు బయటికి తీసి, డిస్కుకుండే సాటా కనెక్షన్‌ను యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో సిస్టంకు తగిలించాం. ఆ సిస్టం పూర్తిగా ఆన్ అయ్యాకే తగిలించాలి. ముందే పెట్టి ఆన్ చేస్తే అది తనంతట తానే చెక్‌డిస్క్, అంటే డిస్కు తప్పులు వెతికి సరిదిద్దే పని, కాపీకి ముందే మొదలుపెట్టే ప్రమాదం ఉంది. "ఈ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి" అని అడిగితే క్యాన్సిల్, ఇంకో మాట లేదు.

డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ముందుగా కన్ను పడాల్సినవి రెండు: 05, అంటే రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోతే బదులు వేరేవి పెట్టుకున్న ముక్కలు), సీ5, అంటే పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉంచినవి). ఈ డిస్కులో 05 సున్నా, సీ5 దగ్గర 8. ఎనిమిదని కంగారు పడక్కర్లేదు. ఇప్పటి పెద్ద డిస్కుల్లో అసలు సెక్టారు 4కె, దాన్ని 512 బైట్ల ముక్కలుగా చూపిస్తాయి కాబట్టి ఒక్క సెక్టారు చెడినా లెక్క ఎనిమిదే. పైగా రాస్తుండగా కరెంటు తెగితే ఆ సెక్టారులో రాత సగంలో ఆగుతుంది, చదవబోతే తప్పు వస్తుంది, డిస్కు దాన్ని పెండింగ్‌లో వేసుకుంటుంది. దాని మీద మళ్ళీ రాయగానే చాలాసార్లు లెక్క సున్నాకు దిగుతుంది. 05 పెరుగుతూ పోతుంటేనే డిస్కును నమ్మకూడదు. టక్ టక్ చప్పుడొస్తే ఇంక ఏ సాఫ్ట్‌వేరూ పెట్టకుండా కరెంటు తీసేయాలి.

టాలీ డేటా ఫోల్డర్ ముందు కాపీ, ఆ తర్వాత డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు. నాకు తెలిసి జనం సరుకు సగం డెస్క్‌టాప్ మీదే ఉంటుంది.

డిస్కును మళ్ళీ దాని సీపీయూలో బిగించి, విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి "రిపేర్ యువర్ కంప్యూటర్" నుంచి కమాండ్ ప్రాంప్ట్‌కు. ఇక్కడ సీ డ్రైవ్ సీ గానే ఉండాలని లేదు. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొడితే విండోస్ ఉన్నది డీ అని తేలింది. ఈ ముక్క చూడకుండా కమాండ్లు కొట్టి "ఎర్రర్స్ ఏం లేవు" అనుకునేవాళ్ళు చాలామంది.

చెక్‌డిస్క్‌కు స్లాష్ ఎఫ్ చాలు. స్లాష్ ఆర్ ఇస్తే డిస్కంతా చదువుతూ పోతుంది, 1 టీబీ హార్డ్ డిస్కుకు గంటల పని. బలహీనమైన డిస్కయితే అక్కడే పడుకుంటుంది. తర్వాత విండోస్ ఫైళ్ళను బాగుచేసే కమాండ్ డిస్మ్: స్లాష్ ఇమేజ్‌కు డీ ఇచ్చి, స్లాష్ క్లీనప్-ఇమేజ్, స్లాష్ రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్. సగంలో ఆగిన అప్‌డేట్‌ను వెనక్కి తిప్పమని చెప్పడం ఇది. పని వెంటనే కాదు, రీబూట్ అయ్యాక చేస్తానని చెబుతుంది. ఆ రీబూట్ హార్డ్ డిస్కు మీద అరగంట పట్టినా పట్టొచ్చు. అప్పుడు బటన్ జోలికి పోతే కథ మళ్ళీ మొదటికి. బూట్ ఫైళ్ళను సరిచేసే బూట్‌రెక్ కమాండ్లు వరుసగా కొట్టేసే అలవాటు ఒకటుంది, ఇక్కడ వాటి అవసరం లేదు. బూట్ ఫైళ్ళు బాగుండబట్టే కదా చుక్కల దాకా వస్తోంది!

సిస్టం లేచింది. లేచాక సిస్టం ఫైళ్ళను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ. టాలీలో కంపెనీ తెరిస్తే ఎర్రర్. డేటా మెనూలో రిపేర్ ఉంటుంది, కాపీ పక్కన భద్రంగా ఉందని చూసుకుని అది నడిపాం. లెక్కలు వచ్చాయి, ఆ సాయంత్రం కొట్టిన ఒకట్రెండు బిల్లులు తప్ప.

ప్రకాశం బజార్ డీటీపీ షాపు సిస్టంది ఇంకో కథ. పాత విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు. ఫార్మాట్ కొడితే ఇవన్నీ మళ్ళీ ఎక్కించుకోవడమే పెద్ద తలనొప్పి. లోగో దాటగానే నీలం తెర ఒక్క క్షణం మెరిసి రీస్టార్ట్ అవుతోంది. బయోస్‌లోకి వెళ్తే తేదీ ఏళ్ళ కిందటిది. బోర్డు మీది సీఆర్2032 సెల్లుకు మీటర్ పెడితే 2.4 వోల్టులు, కొత్తది 3 పైన చూపించాలి. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతకాలం సీపీయూలోని పవర్ సప్లై ఎస్‌ఎంపీఎస్ నుంచే బయోస్‌కు కరెంటు అందుతుంది. రాత్రంతా కరెంటు లేకపోతే భారం సెల్లు మీద పడుతుంది, అది మోయలేకపోతే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఇందులో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐకి మారింది, విండోస్ ఎక్కించింది ఐడీఈలో. సెల్లు మార్చి, మోడ్ తిప్పి, తేదీ సరిచేస్తే చాలు, లేచింది.

అసలు లైటే రాని దానికి ముందు వైరు పీకి పవర్ బటన్ పదిహేను ఇరవై సెకన్లు ఒత్తి పట్టాలి. కరెంటు ఎగిరిపడినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనను తాను బంద్ చేసుకుంటుంది, మెయిన్ పూర్తిగా తీస్తేనే ఆ పట్టు వదులుతుంది. వదలకపోతే ఊదారంగు వైరుకు 5 వోల్టులు ఉన్నాయా చూడాలి. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ, నలుపు వైర్లు కలిపితే ఫ్యాను తిరుగుతుంది, కానీ ఫ్యాను తిరిగినంత మాత్రాన అది మంచిదని కాదు. లోడు మీద 12 వోల్టుల వైరు 11.4 కంటే దిగితే మార్చాల్సిందే.

యూనివర్సిటీ స్టూడెంట్ ల్యాప్‌టాప్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ది 48 అంకెల కీ అడుగుతోంది. కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండాలి, అకౌంట్ మెయిల్ ఏదో ఆ అబ్బాయికి గుర్తులేదు. "అన్నా, కొన్నప్పుడు షాపుల వాళ్ళే పెట్టిన్రు." ఆ మెయిల్ దొరికేదాకా దీన్ని ముట్టుకునేది లేదు.

బటన్ ఒత్తక తప్పని వేళలూ ఉంటాయి. ఒత్తే ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడాలి. కీబోర్డు లైటు వెలిగి ఆరితే సిస్టం బతికే ఉంది, ఆగాలి. డిస్కు లైటు మిణుకుతున్నా ఆగాలి. రెండూ లేకుండా చాలాసేపు గడిస్తేనే ఒత్తడం.

మిగిలింది ఒక ఎస్‌ఎస్‌డీ (చిప్‌ల మీద నడిచే డిస్కు), బయోస్‌లోనే కనపడడం లేదు. డేటా కేబుల్ తీసి పవర్ మాత్రం ఇచ్చి అరగంట వదిలేస్తే కొన్ని తమ లోపలి పట్టికను మళ్ళీ కట్టుకుని కనిపిస్తాయి. అలాగే పెట్టి ఉంచాం. కనిపిస్తే మొదటి పని కాపీ. కనిపించకపోతే వారంటీకి పంపాలి, వాళ్ళిచ్చేది కొత్త ఎస్‌ఎస్‌డీ, అందులోని ఫొటోలు కాదు. ఆ సంగతి పార్టీకి ఫోన్‌లో ముందే చెప్పాం.