ఇరవై రెండు కమాన్లు, ఒక దారం లచ్ఛీ

మన బడి టైంటేబుల్‌లో కుట్టుపని పీరియడ్‌ని ఎస్‌యూపీడబ్ల్యూ అని రాసేవారు. ఆ అక్షరాల పూర్తి అర్థం అప్పుడూ ఎవరికీ తెలీదు. కానీ ఆ పీరియడ్‌లో కుట్టిన నమూనా గుడ్డ చాలామంది ఇళ్లలో ఇప్పటికీ బీరువా అడుగున ఉండే ఉంటుంది. జానెడు తెల్ల కేస్‌మెంట్ (మందపాటి నూలు) గుడ్డ మీద వరసగా టాకాలు (రన్నింగ్ స్టిచ్), కాడకుట్టు (స్టెమ్ స్టిచ్), గొలుసుకుట్టు, కాజాకుట్టు, చివర ఒక లేజీ డైజీ పువ్వు. దసరా సెలవులకి ఇచ్చే ఇంటిపనీ అదే. టీచర్ చేతికి గుడ్డ అందగానే తిరగేసి మొదట వెనకవైపే చూసేవారు, ముడి కనిపిస్తే మార్కు పోయేది.

సెలవుల్లో మళ్లీ సూది పట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ఫోన్‌లో దొరికిన గులాబీల డిజైన్‌తో మొదలుపెట్టి నాలుగో రోజుకి వదిలేస్తారు. రేకులన్నీ సాటిన్ కుట్టుతో నింపుతూ కూర్చోవడం కొత్త చేతికి విసుగు. దానికంటే మన హైదరాబాద్‌లో మూసీ మీదున్న పాత వంతెన పురానాపుల్ నయం. పురానాపుల్‌కి 22 కమాన్లు. ఒకటే గీత, ఒకటే కుట్టు, 22 సార్లు. రోజుకి రెండు కుడితే 11 రోజులు. దసరా సెలవులకి సరిగ్గా సరిపోయే పని, పైగా నమూనా చూడ్డానికి పొద్దున్నే ఏటి దాకా నడిచినట్టూ అవుతుంది.

నడక సంగతి ముందు. మూసీ ఒడ్డున నడక అంటే నిజానికి వంతెనల మీద నడకే. ఊరి మధ్యలో చాలాచోట్ల కరకట్ట గోడ ఏటిని కనిపించనివ్వదు, కాలిబాట కూడా తెగితెగి ఉంటుంది. ఏరు కనిపించేది వంతెన ఎక్కినప్పుడే. అందుకని కార్వాన్ వైపు నుంచి పురానాపుల్ మీదుగా దాటి, దర్వాజా పక్కగా దక్షిణపు ఒడ్డుకొచ్చి, సిటీ కాలేజీ, హైకోర్టు మీదుగా నయాపుల్ చేరి, ఇంకా ఓపికుంటే సాలార్‌జంగ్ మ్యూజియం దాకా వెళ్లడం మంచి దారి. మ్యూజియంకి శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. లోపల మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం దగ్గర కుట్టేవాళ్లు కాస్త ఎక్కువసేపే నిలబడతారు. పల్చటి బట్ట ముఖం మీద పడ్డప్పుడు మడత ఎక్కడ మొదలై ఎక్కడ కరిగిపోతుందో పాలరాతిలో అంత స్పష్టంగా కనిపించడం మామూలు విషయం కాదు.

పురానాపుల్ 1578 నాటిది, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. అంటే చార్మినార్ కంటే ముందే ఈ వంతెన ఉంది. 1908 సెప్టెంబరు 28 వరదలో ఊళ్లోని మిగతా మూడు వంతెనలూ దెబ్బతిని తెగితే ఇది నిలబడింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని ఆ రోజు నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తరవాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో, ఈసీ ఏటి మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మూసీ, ఈసీ నదులు కలిసేది లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర.

ఇప్పుడు పాత వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. దాని మీద నిలబడితే కమాన్లు కనిపించవు, కాళ్ల కింద ఉంటాయి కాబట్టి. పక్కనున్న కొత్త వంతెన మీది నుంచి చూడాలి. పొద్దున ఏడింటి లోపు వెలుతురు ఏటవాలుగా పడి కమాను లోపలి నీడ నల్లగా తేలుతుంది, మధ్యాహ్నమైతే రాయంతా పాలిపోయి ఒకే ముద్దలా ఉంటుంది. సాయంత్రం వద్దు, దోమలు నిలబడనివ్వవు. వాసన సంగతి దాచేదేం లేదు, ఎండాకాలంలో భరించడం కష్టం. వానాకాలం వెళ్లాక, ఎగువ నుంచి నీళ్లు వచ్చిపోయిన వారాల్లో, అంటే దసరా నుంచి సంక్రాంతి దాకా, పరవాలేదు. అత్తాపూర్ వైపు కొంగలు కూడా అప్పుడే ఎక్కువ.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. మట్టం దగ్గరపడి గేట్లెత్తారని వార్త వస్తే ఆ రోజు నడక మానుకోవాలి. మన పేటలో చినుకు పడకపోయినా ఏరు పొంగొచ్చు, ఎందుకంటే వాన పడేది వికారాబాద్ వైపు. 2025 సెప్టెంబరులో ఇమ్లీబన్ బస్టాండులోకి నీళ్లొచ్చింది ఇలాగే. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గరి పల్లపు దారులు ముందుగా మునుగుతాయి.

నడకకి వెళ్లేటప్పుడు జేబులో ఒక అట్టముక్క పెట్టుకోండి. పోస్టుకార్డంత అట్టకి అంచున పది చిల్లులు పొడిచి, ఇంట్లో ఉన్న దారాల్లోంచి పది రంగులు ఒక్కో చిల్లులో ముడేస్తే చాలు. వంతెన రాయి ఎదురుగా చెయ్యి చాచి అట్ట పట్టుకుని పోల్చాలి. కొట్లో ట్యూబులైటు కింద రాయి రంగని కొన్న బూడిదరంగు ఇంటికొచ్చాక నీలంగానో ఊదాగానో తేలుతుంది, ఈ అట్టతో ఆ తప్పు జరగదు. ఇంకో మాట, ఏరు అనగానే నీలం దారం తీసేవాళ్లే అందరూ. మూసీలో నీలం ఎక్కడుంది? ముదురు టీ రంగు, పాచి పట్టిన బూడిద, గుర్రపుడెక్క ఉన్నచోట ఆకుపచ్చ. ఈ మూడూ కలిపి కుడితే చూడగానే మన ఏరని తెలుస్తుంది.

ఇక కుట్టు. చేయబోయేది టేబుల్ మీద పొడవుగా పరిచే గుడ్డ, పూర్తయ్యాక 52 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు. ఒక్కో కమానుకి 2 అంగుళాలు, అందులో ఒకటిన్నర కమాను నోరు, అర అంగుళం స్తంభం. 22 కమాన్లకి 44 అంగుళాలు, చెరో కొసన 4 అంగుళాల ఖాళీ. మడతకి నాలుగు పక్కలా అంగుళం చొప్పున వదలాలి, అంటే కత్తిరించాల్సింది 54కి 16. కొనేటప్పుడు కేస్‌మెంట్ గుడ్డ మీటరున్నర అడగండి, దాదాపు 59 అంగుళాలు వస్తుంది. ఎక్కువ వచ్చే అయిదు అంగుళాలూ దండగ కాదు, ఉతికితే కుంచించుకుపోవడానికీ, అంచు సరిచేసుకోవడానికీ అవి కావాలి.

గుడ్డ తేగానే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండి ఆరేయాలి. ఈ పని మానేసినవాళ్లే తరవాత ఏడుస్తారు. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, మొదటి ఉతుకులో గుడ్డ కుంచించుకుంటుంది, దాని మీది దారం మాత్రం కుంచించుకోదు. దాంతో కుట్టు చుట్టూ ముడతలు తేలతాయి, ఇస్త్రీకి కూడా పోవు. ఆరాక కొలతకి కత్తిరించేటప్పుడు స్కేలుతో గీత గీయకుండా, అంచు నుంచి ఒక పోగు పట్టి మెల్లగా లాగేయండి. పోగు పోయినచోట సన్నటి దారిలా కనిపిస్తుంది, దాని వెంట కత్తెర పోనిస్తే నేతకి సరిగ్గా వస్తుంది. స్కేలు గీత నేతకి వంకరగా పడితే మడత కుట్టాక గుడ్డ మెలి తిరుగుతుంది.

డిజైన్ దించడానికి కార్ఖానాల్లో మగ్గం పనివాళ్లు ఖాకా వాడతారు. బటర్ పేపర్ మీద గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డ ఉండతో రుద్దుతారు. ముదురు పట్టుబట్టకి అది చక్కటి పద్ధతే, మన తెల్ల గుడ్డకి అంత అక్కర్లేదు. పాత శుభలేఖ అట్ట మీద ఒక్క కమాను గీసి కత్తిరించుకోండి. స్తంభం అంగుళం ఎత్తు, దాని మీంచి వంపు మరో అంగుళం లేచి మధ్యలో మొనగా కలవాలి. ఆ అట్ట చుట్టూ గట్టి పెన్సిల్‌తో పల్చగా 22 సార్లు గీస్తే సరి. కానీ ఒక కమాను పక్కన ఇంకోటి ఆనించుకుంటూ పోతే మోసపోతారు. ఒక్కోసారి ఒక్క మిల్లీమీటరు జరిగినా చివరికి 22 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త తక్కువ తేడా వస్తుంది, ఆఖరి కమాను సగమే పడుతుంది. అందుకని ముందు టేపు పరిచి 44 అంగుళాల పొడవునా రెండేసి అంగుళాలకి చుక్కలు పెట్టుకుని, మధ్య చుక్క నుంచి రెండు పక్కలకీ గీసుకుంటూ వెళ్లాలి. నల్ల ఆఫీసు కార్బన్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ఆ మరక జన్మలో వదలదు.

దారం లెక్క. ఎంబ్రాయిడరీ లచ్ఛీ (దారం చుట్ట) ఒకటి 8 మీటర్లు, అందులో ఆరు పోగులు. కేస్‌మెంట్ మీద కాడకుట్టుకి మూడు పోగులు బాగుంటాయి, అంటే ఒక లచ్ఛీ 16 మీటర్ల కుట్టుదారం అవుతుంది. కుట్టు సగం సగం ఒకదాని పక్కన ఒకటి పడుతుంది కాబట్టి కాడకుట్టు గీత పొడవుకి మూడింతలు దారం తింటుంది. ఒక కమాను గీత దాదాపు 14 సెంటీమీటర్లు, 22కి 308, మూడింతలు 924. సూదిలోకి ఒకసారికి 45 సెంటీమీటర్ల దారమే తీసుకోవాలి, అందులో రెండు కొసలకీ కలిపి 8 పోతాయి. 25 సార్లు దారం ఎక్కించాలి, 11 మీటర్ల పాతిక సెంటీమీటర్లు. పైన పిట్టగోడకి 44 అంగుళాల వెనక్కుట్టు (బ్యాక్ స్టిచ్), దానికి ఇంకో నాలుగున్నర మీటర్లు. మొత్తం 15 మీటర్ల 75. ఒక లచ్ఛీలో బొటాబొటీగా సరిపోతుంది, కానీ ఒక్కసారి దారం తెగినా కథ మారుతుంది. కోఠీలోనో పత్తర్‌గట్టీలోనో కొనేటప్పుడే ఒకే లాటు నంబరు (ఒకేసారి రంగు వేసిన దారాలకి ఉండే నంబరు) చూసి రెండు తీసుకోండి. పది రోజుల తరవాత అదే రంగు నంబరు తెచ్చినా లాటు మారితే పదిహేనో కమాను నుంచి వంతెన రంగు మారినట్టుంటుంది.

పొడవు దారం తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే శ్రమ తప్పుతుందనుకుంటారు. 45 దాటితే గుడ్డలోంచి లాగినకొద్దీ నూగు లేచి, దారం చివరి భాగం పాలిపోతుంది. మెలిక పడుతుంటే సూదిని కిందికి వేలాడదీయండి, దానంతటదే తిరిగి విప్పుకుంటుంది. ముడి వేయొద్దు, కొసను వెనక కుట్ల కిందికి నాలుగైదుసార్లు దూర్చండి. వెనక ముడి ఉంటే ఇస్త్రీ వేడికి ముందువైపు గింజలా పొంగుతుంది, నాలుగు ఉతుకులకి ఊడిపోతుంది కూడా. ఆ టీచర్లు మొదట వెనకవైపే చూడడం ఊరికే కాదు.

కాడకుట్టులో దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉండాలి, కింద అనుకుంటే చివరిదాకా కిందే. మధ్యలో పక్క మారితే తాడు మెలిక తిరగబడి, గీత అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. నిలువు స్తంభం మీద కుట్టు 4 మిల్లీమీటర్లు ఉండొచ్చు, ప్రతి కుట్టుకీ 2 మిల్లీమీటర్లు ముందుకి జరుగుతాం. ఆ లెక్కన కమానుకి కనీసం 70 కుట్లు పడతాయి, చేయి తిరిగాక పాతిక నిమిషాల పని. వంపులోకి రాగానే కుట్టు సగానికి తగ్గించాలి, లేకపోతే వంపు మూలలు మూలలుగా వస్తుంది. అన్నిటికంటే ఎక్కువమంది చెడగొట్టేది మొన దగ్గర. కుట్టుకుంటూ వంపు తిరిగి అవతలికి దిగిపోతారు, దాంతో మొన గుండ్రమవుతుంది. కుతుబ్ షాహీ కమాను కాస్తా రైల్వే వంతెన అవుతుంది. మొన మీద సరిగ్గా చిల్లులోకి సూది దింపేసి, వెనక ఒక కుట్టు కిందుగా దారం ఆపి, మళ్లీ అదే చిల్లులోంచి పైకి వచ్చి రెండో పక్క మొదలుపెట్టాలి.

గుడ్డ బిగించే రింగు ఆరంగుళాలది చాలు, ఒకేసారి రెండు కమాన్లు వస్తాయి, రోజు పనీ అంతే. లోపలి రింగుకి పాత నూలుగుడ్డ పేలిక చుడితే గుడ్డ జారదు. రాత్రి తప్పకుండా విప్పి పెట్టాలి, బిగించి వదిలేస్తే వలయంలా మురికి గీత పడుతుంది.

వంతెన పైభాగం ఒక పొడవాటి అంచు వైపు ఉంచి, స్తంభాల కాళ్లు మధ్యకి రావాలి. ఎదుటి అంచు వైపు అవే కమాన్లు తలకిందులుగా, నీళ్లలో నీడలాగా, ఒకే పోగుతో టాకాకుట్టు. మధ్యలో ఏరు రెండు పోగుల టాకాలే, పైన 4 మిల్లీమీటర్లు, కింద 2. టాకాలని బిగలాగితే గుడ్డ కుచ్చిళ్లు పడుతుంది. ప్రతి వరస పూర్తవగానే దాని వెంట బొటనవేలితో ఒకసారి సాగదీసి, అప్పుడే కొస దూర్చండి.

ఇదే టాకా బొంతకీ పనికొస్తుంది, వేసవి సెలవుల్లో అది కుట్టుకోవచ్చు. అయిదున్నర మీటర్ల నూలు చీరని మూడు మడతలు వేస్తే 1.83 మీటర్ల పొడవు వస్తుంది, రెండు చీరలకి ఆరు పొరలు, ఒక్క మనిషి పరుపుకి చాలు. ముందు ఫాల్ విప్పేయాలి. రెండు చీరలూ నూలువే ఉండాలి, ఒకటి పాలిస్టర్ కలిసినదైతే ఉతికాక నూలు పొర కుంచించుకుని పాలిస్టర్ పొర బుడగలా లేస్తుంది. పొరలు జారకుండా మధ్య నుంచి నాలుగు దిక్కులకీ పెద్ద టాకాలు వేసుకుని, ఆ తరవాతే అసలు వరసలు మొదలుపెట్టాలి. వరసకీ వరసకీ ఒకటిన్నర అంగుళం ఎడమిస్తే దాదాపు 30 వరసలు, 60 మీటర్ల పైచిలుకు దారం. అంగుళమే ఇస్తే 90 మీటర్లు దాటుతుంది, ఫలితం మాత్రం అంత తేడాగా ఉండదు.

టేబుల్ గుడ్డకి ఇస్త్రీ చేసేటప్పుడు కింద మందపాటి తువ్వాలు పరిచి, కుట్టు బోర్లా ఉండేలా పెట్టి, వెనకవైపు నుంచి తడి చల్లి నొక్కండి. ఎర్ర దారం ఏదైనా వాడి ఉంటే దాని మీద ముందు తడి తెల్లగుడ్డ అదిమి చూడాలి, రంగంటితే ఆ గుడ్డ ఎప్పటికీ చన్నీళ్లలోనే, విడిగానే ఉతకాలి.