గోరు అంటే ఆవు

ఖరగ్‌పూర్, డిసెంబరు, ఆదివారం

ఈ రోజు పది దాటితే గానీ మేడ మీదికి ఎండ రాలేదు. బట్టలు ఆరేస్తుంటే పక్కింటి బౌది (బెంగాలీలో వదిన) మెట్లెక్కి వచ్చారు. ఒక చేతిలో మనవరాలి బొమ్మల పుస్తకం, ఇంకో చేతిలో గీతల నోటుపుస్తకం. పెంపుడు జంతువుల ఇంగ్లిష్ పేర్లు తనకు నేర్పమన్నారు. రాత్రి ఆ పిల్ల ఒక్కో బొమ్మా చూపిస్తూ "ఇదేమిటి దిదా (అమ్మమ్మా)?" అని అడుగుతుంటే నిద్ర వస్తోందని పడుకున్నారట.

బౌది పల్లెటూళ్లో సర్కారు బడిలో చదివారు. 1980లలో ఇక్కడ పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వ ప్రాథమిక తరగతుల్లో ఇంగ్లిష్ తీసేశారు, ఆరో తరగతిలోనే మొదలయ్యేది. పసితనంలో చదువు అమ్మభాషలోనే సాగాలని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే బౌది ఏడో తరగతితోనే ఆగిపోయారు. ఆవు బొమ్మ కింద ఉన్న మూడక్షరాల మీద ఆవిడ వేలు పెట్టి, చదవకుండా నా ముఖం వైపు చూసినప్పుడు మనసు చివుక్కుమంది.

ఆవును బెంగాలీలో గోరు అంటారు. ఆ మాట వింటే మా నాయనమ్మే గుర్తొస్తుంది. తాతయ్యకు రైల్వే వర్క్‌షాపులో పని దొరికి శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో, పాలవాడు గుమ్మంలో నిలబడి "గోరుర్ దూధ్" అన్నాడట. నాయనమ్మ గొర్రె పాలనుకుని వద్దని పంపేసింది. మూడు రోజులు ఇంట్లో పాలు లేవు. నాలుగో రోజు పాలవాడు ఆవునే తోలుకొచ్చి చూపించాడు. ఆవిడ ఆ కథ చెప్పిన ప్రతిసారీ పాలవాడి ఓపికను మెచ్చుకునేది.

"గోరు అంటే కౌ" అని బౌదికి చెప్పాను. ఆవిడ రాసుకోలేదు. "పాలిచ్చేదా, నాగలి లాగేదా?" అని అడిగారు. నేను తడబడ్డాను. వాళ్లకు గోరు అంటే ఆవూ అవుతుంది, ఎద్దూ అవుతుంది. విడదీసి చెప్పాలంటే గాభి, బొలోద్, షాఁడ్ ఉన్నాయి. మనకు మొదటి నుంచీ ఆవు వేరు, ఎద్దు వేరు, ఆంబోతు వేరు. కౌ, ఆక్స్, బుల్ అని మూడూ రాయించాను. మరి అన్నిటికీ కలిపి గోరు లాంటి మాట లేదా అన్నారు. క్యాటిల్ ఉంది కానీ అది మందకే చెల్లుతుంది, ఎదురుగా నిలబడ్డ ఒక్కదాన్ని చూపించి అలా అనకూడదు. "ఒక్క గోరు ఉన్న ఇల్లు ఇంగ్లిష్ వాళ్లకు ఉండదా?" అన్నారు బౌది. నా దగ్గర జవాబు లేదు.

మేక దగ్గరా అంతే. పుస్తకంలో ఒక్కటే బొమ్మ, కింద గోట్ అని ఒక్కటే మాట. బౌది పుట్టింట్లో నల్లటి పొట్టి బెంగాల్ మేకలుండేవి, ఒక్కో ఈతకు రెండు మూడు పిల్లలు. ఆవిడకు ఛాగొల్ అంటే మేక జాతి. పాంఠా అంటే పోతు, కాళీ పూజకు బలిచ్చేది. ఖాషి అంటే విత్తులు తీసినది, మాంసం దుకాణంలో అడిగి మరీ కొనేది. ఇన్ని తేడాలు తెలిసిన మనిషి, ఒక్క గోట్ రానందుకు మనవరాలి ముందు కళ్లు మూసుకుని పడుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి రోజంతా నన్ను వదల్లేదు.

అన్నిటికంటే కష్టపెట్టింది గొర్రె. ఎన్నిసార్లు చెప్పినా షిప్ అనే అంటున్నారు. బెంగాలీ లిపిలో ఇకారానికీ ఈకారానికీ వేరు వేరు గుర్తులున్నాయి, నోట్లో మాత్రం రెండూ ఒకటే. మనకు పలక మీద దిద్దేటప్పుడే చెవికి అందే తేడా అది. దీర్ఘం, దీర్ఘం అని నేనెంత సాగదీసినా లాభం లేకపోయింది. చివరికి, "మీ ఊళ్లో కోళ్లను ఎలా పిలిచేవారు?" అని అడిగాను. "తీ తీ తీ" అని గొంతెత్తి పిలిచారు. ఆ తీ లాగే షీ అనమన్నాను. షీప్ అని వచ్చేసింది! బాతులనైతే "చొయ్ చొయ్" అని పిలుస్తారని కూడా చెప్పారు, అడగకుండానే.

బాతు వాళ్లకు హాఁష్. మన హంసే అది, పల్లెటూరి చెరువులోకి దిగి బాతయింది. సరస్వతి పక్కన నిలిచేది రాజ్‌హాఁష్. ఇంట్లో పెంచే పెద్ద బాతు గూస్‌నూ రాజ్‌హాఁష్ అనే అంటారు కాబట్టి డక్, గూస్, స్వాన్ మూడూ రాయించాల్సి వచ్చింది. గుర్రం, గాడిద, పంది చకచకా అయిపోయాయి.

ఆ తర్వాత పిల్లల పేజీ. పపీ, కిటెన్, చిక్, కిడ్, ల్యాంబ్, కాఫ్. ఇన్ని పేర్లెందుకని బౌది విసుక్కున్నారు. వాళ్లకు అన్నిటికీ ఛానా చాలు: కుకుర్‌ఛానా, బెడాల్‌ఛానా, ముర్గిర్ ఛానా. మనకూ కుక్కపిల్ల, పిల్లిపిల్ల, కోడిపిల్లే. ఆవు బిడ్డ మాత్రం వాళ్లకు బాఛుర్, మనకు దూడ. రెండు భాషల్లోనూ దానికి విడిగా ఒక పేరుంది. ఈ మాట చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. "ఏమన్నారు, మళ్లీ చెప్పండి" అని రెండుసార్లు నా చేత దూడ అనిపించుకున్నారు.

మధ్యాహ్నం అన్నం వేళకు వెళుతూ నోటుపుస్తకం పిట్టగోడ మీద మరిచిపోయారు. సాయంత్రం బట్టలు తీస్తూ చూశాను. ఎడమ పక్క బెంగాలీ, కుడి పక్క ఇంగ్లిష్. బాఛుర్ ఉన్న వరుసలో, కాఫ్ పక్కన, పెన్సిలుతో ఇంకో మాట రాసి ఉంది. బెంగాలీ లిపిలో దూడ. దకారానికి దీర్ఘం పెట్టి మరీ రాసుకున్నారు.