ఇల్లూరు నుంచి తరిమెలకు, బావతో

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తింటూ బావ అడిగాడు: "నేను కాంగ్రెస్ నుంచి, నువ్వు కమ్యూనిస్టుల నుంచి ఒకే సీటుకు నిలబడితే మీ అక్క ఎవరికి వేస్తుందిరా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. అవతల అక్క అంతా వింటోంది. నేను ప్లేట్లోంచి తలెత్తలేదు. "నాకు నీళ్లు పట్టుకునే పనుంది" అని అక్కే పెట్టేసింది.

బావ ఊరికే అడగలేదు. ఆ రోజు మేం బయల్దేరిందే ఆ లెక్క కోసం. 1952 ఎన్నికల్లో అనంతపురం అసెంబ్లీ సీటుకు నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి. ఎదుట కమ్యూనిస్టు పార్టీ నుంచి తరిమెల నాగిరెడ్డి, స్వయానా సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ గారి తోబుట్టువు. నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీ చేశారు, గెలిచారు. అంతకుముందు ఏడాదే ఎన్.జి. రంగాను ఓడించి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడైన బావగారు సొంత జిల్లాలో ఓడిపోయారు. ఈ ముక్క చిన్నప్పటి నుంచి వింటున్నా, ఇద్దరి ఊళ్లూ ఒకే రోజు చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

గుత్తి రోడ్డు పట్టుకుని గార్లదిన్నె మీదుగా ఇల్లూరు పోయాం. జూన్ చివర. దున్నిపెట్టిన ఎర్రనేల అట్లే ఉంది, పదును లేదు. వాన పడితే శెనక్కాయ వేద్దామని అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. బండి ఆపి టీ అడిగితే అరుగు మీది పెద్దాయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏమప్పా, సర్వే చేసేటోళ్లా? ఈసారి ఎవరొస్తారంట?"

"లేదు పెద్దాయనా, సంజీవరెడ్డి గారి ఊరు చూద్దామని."

ఆయన మొహంలో ఉత్సాహం అంతా పోయింది. "ఓ, ఆయప్పనా" అని మళ్లీ బీడీ అందుకున్నాడు. రాబోయే ఎన్నిక గురించి అయితే గంటసేపు మాట్లాడేవాడే.

1913 మే 19న ఈ ఊళ్లో పుట్టినాయన అనంతపురం కాలేజీ చదువు మధ్యలో వదిలేసి స్వాతంత్ర్య పోరాటంలోకి పోయారు. 1952లో ఓడాక రాజ్యసభ, 1953లో ప్రకాశం గారి కింద ఉపముఖ్యమంత్రి పదవి, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి కుర్చీ. ఓడిన నాలుగేళ్లకు! ఆయన తర్వాత గెలిచిన సీట్లు బావ వేళ్లమీద లెక్కపెట్టాడు: కాళహస్తి, డోన్, హిందూపురం, నంద్యాల. "అనంతపురం ఏదిరా?" అన్నాడు. లేదు మరి.

గార్లదిన్నెకు తిరిగొచ్చేసరికి ఆర్టీసీ బస్సొకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆ బస్సుల దగ్గరే ఆయన ముఖ్యమంత్రి పదవి పోయింది. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను ప్రభుత్వం తీసుకుంటే, గిట్టనివాళ్ల మీద కక్షతో చేశారని యజమానులు సుప్రీంకోర్టుకు ఎక్కారు. ఆరోపణలకు ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి బదులివ్వలేదు. కోర్టు వ్యాఖ్యలు వచ్చాక 1964లో రాజీనామా చేశారు. ఇప్పుడు ఎవరైనా అంతమాత్రానికి దిగిపోతారా అని బావనడిగితే, "నువ్వు ముందు రోడ్డు చూడు" అన్నాడు. బండి నేనే నడుపుతున్నా.

దారి అడుక్కుంటూ శింగనమల వైపు తిరిగాం. ఒకచోట తప్పుదారి పట్టి, గొర్రెల మంద దాటేదాకా పావుగంట ఆగాం. ఆ పావుగంటలో బావకు 1969 కథ చెప్పాను. అంతకు రెండేళ్ల ముందు, 1967లో, సంజీవరెడ్డి హిందూపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ ఎన్నికల్లోనే నాగిరెడ్డి అనంతపురం ఎమ్మెల్యే. 1969లో ఇద్దరూ కుర్చీలు వదిలారు. నాగిరెడ్డి ఈ అసెంబ్లీలతో అయ్యేది లేదని రాజీనామా చేశారు. సంజీవరెడ్డి రాష్ట్రపతి పోటీకి దిగారు. ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టిన ఇందిరాగాంధీయే తర్వాత అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండి అన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెడితే వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. మొదటిసారి ఇంట్లోవాళ్లు ఓడించారు, రెండోసారి పార్టీవాళ్లు. ఆయన అనంతపురం వచ్చి సేద్యంలో పడ్డారు.

తరిమెలలో ఒక పంచలో అవ్వ విత్తనం కాయలు వలుస్తోంది. బొటనవేలితో పుటుక్కున నొక్కి, గింజలు చాటలో పోసి, ఎర్రపొట్టు ఊడినవి ఏరి పక్కన పడేస్తోంది. నాగిరెడ్డి పేరెత్తగానే చెయ్యి ఆపింది.

"మా చిన్నప్పుడు ఆయప్ప పేరు చెప్తే ఊరంతా లేచేది. మా నాయిన మొదటిసారి ఓటేసొచ్చి, డబ్బాలో ఏసినానని చెప్పె."

ఆ డబ్బాల సంగతి బావకు తెలీదు. ఆ మొదటి ఎన్నికల్లో ఓటు కాగితం మీద ముద్ర గుద్దేది లేదు. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దానిమీద గుర్తు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకీ కొడవలి. కాగితం ఏ డబ్బాలో పడితే ఓటు వాళ్లకు. ఒక డబ్బా మొగుడిది, ఇంకోటి తోడబుట్టినవాడిది, మధ్యలో ఒక ఆడమనిషి చేతిలో కాగితం. బావ పొద్దున అడిగిన ప్రశ్న నాకు అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

"ఎవరికేసిందో ఎవరన్నా చెప్తారాప్పా" అంది అవ్వ నవ్వి.

నాగిరెడ్డి ఎమర్జెన్సీలో, 1976 జూలై 28న పోయారు. ఆ మరుసటి ఏడాది రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్కటి, నంద్యాల, జనతా పార్టీ తరఫున సంజీవరెడ్డిది. మళ్లీ స్పీకర్. ఆ తర్వాత రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడితే 36 చెల్లలేదు. పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవారు ఇప్పటికీ ఆయనొక్కరే. 1977 జూలై 25న ప్రమాణం చేశారు. బావమరిది పోయి ఏడాది నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

లేస్తుంటే అవ్వ పొట్టూడిన గింజలు రెండు దోసిళ్లు పోసింది. "ఇవి మొలవవు, తినండి."

తిరుగుదారిలో బండి బావ నడిపాడు. వెనక కూర్చుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నాలుగు గింజలు ఆయన చేతిలో పెడుతూ వచ్చాను.