మంగళవారం నాటి ‘అలాగే’

“మంగళవారం నువ్వు సరే అన్నావు. కుదరదని నీకు మంగళవారమే తెలుసు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

మా మేనేజర్ ఈ మాట కోపంగా అనలేదు, గొంతు కూడా పెంచలేదు. మీటింగ్ నోట్స్ ప్రింటు తీసి, నా పేరు పక్కనున్న తేదీ చుట్టూ నీలం పెన్నుతో సున్నా చుట్టి, కాగితం నా వైపు తిప్పాడు. పక్కన ఇంకో ఇద్దరున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. సారీ అన్నాను. “సారీ వద్దు, ఎప్పటికి అవుతుందో చెప్పు” అన్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓ బ్యాంకుకి రిపోర్టులు తయారుచేసే టీమ్‌లో ఏడేళ్ళుగా ఉన్నాను. నా లెక్క తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మాట తప్పానని అనిపించుకోవడం ఇదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా పట్టుకుని మైన్ నది ఒడ్డుకెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు టవర్లు. వాటి కిందున్న పొడుగాటి పాత కట్టడం 1928లో కట్టిన కూరగాయల హోల్‌సేల్ మార్కెట్. ఈ ఊరివాళ్ళు దాన్ని కూరగాయల చర్చి అని పిలుచుకునేవారట. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు కాబట్టి ఆ కట్టడమంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఒకప్పుడు క్యాబేజీ ధర తేలిన చోట ఇప్పుడు యూరో వడ్డీ రేటు తేలుతోంది.

ఆ రేటు ప్రకటించే ఆ బ్యాంకు అధ్యక్షురాలు, ఫ్రాన్స్‌కి చెందిన క్రిస్టీన్ లగార్డ్ గురించి వచ్చిందల్లా చదువుతూ ఉంటాను. ఆవిడా ఈ ఊరికి నాలాగే పరాయిది. 2019 నవంబరులో బాధ్యతలు తీసుకున్న కొత్తలో జర్మన్ నేర్చుకుంటున్నానని చెప్పింది. అప్పుడు నేనూ జర్మన్ క్లాసులకి వెళ్తున్నాను.

నది ఒడ్డున నాకు గుర్తొచ్చింది 2020 మార్చి 12. కరోనాతో అందరం బెంబేలెత్తి ఉన్న రోజు. ప్రెస్ మీట్‌లో ఆవిడ, అప్పుల మీద ఇటలీ లాంటి దేశాలు కట్టే వడ్డీకీ జర్మనీ కట్టే వడ్డీకీ మధ్య తేడా తగ్గించడం మా పని కాదు అనేసింది. ఇటలీ బాండ్లు కుప్పకూలాయి. అసలే భయంతో ఉన్న మిలాన్ మార్కెట్ ఆ ఒక్క రోజే దాదాపు 17 శాతం పడింది. ఆవిడ తెల్లారేదాకా ఆగలేదు. అదే రోజు టీవీలో మాట సరిదిద్దుకుంది. ఆరు రోజులకి 75 వేల కోట్ల యూరోల బాండ్లు కొంటామని బ్యాంకు ప్రకటించింది. ప్రపంచమంతా చూస్తుండగా నోరు జారితే ఎలా ఉంటుందో నేను ఊహించలేను. ఇద్దరి ముందు ఒక కాగితం తిప్పి పెడితేనే నాకు అన్నం దిగలేదు.

ఆవిడ మాట మారి మా ఇల్లు పోయిన సంగతీ ఉంది. 2022లో వడ్డీ పెంచే అవకాశం చాలా తక్కువని 2021 చివర్లో చెప్పింది. మేము ఫ్లాట్ కోసం తిరుగుతున్న రోజులవి. 2022 జులైలో ఒకేసారి అర శాతం పెంచారు. పదకొండేళ్ళలో అదే మొదటి పెంపు. అలా వరసగా పదిసార్లు పెంచారు. హోమ్ లోన్ లెక్క మా చేయి దాటిపోయింది, ఫ్లాట్ వదులుకున్నాం. కోపం రాలేదని చెప్పను. కానీ ధరలు మండిపోతున్నాయి, మా అంచనా తప్పిందని ఆవిడ దాచకుండా చెప్పింది.

మరి నేను మంగళవారం ఎందుకు చెప్పలేదు? నేను అబద్ధమాడలేదు. ఇది మా మేనేజర్‌కి ఎలా చెప్పాలో తెలియక మీకు చెప్తున్నాను. పెద్దవాళ్ళు పని చెప్తే మొహం మీద కుదరదంటామా? అలాగేనండి అంటాం. మీ మాట విన్నాను, మీరంటే గౌరవముంది, చేతనైనంత చేస్తాను అని దానర్థం. పెళ్ళికి పిలిస్తే తప్పకుండా వస్తామండి అంటాం. చూద్దాం లెండి అంటే కాదని అందరికీ తెలుసు. అవతలి మనిషి మనసు కష్టపెట్టకూడదని ఎన్ని తరాలుగానో పోగుచేసుకున్న మర్యాద అది. దాన్ని ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టి తేల్చేస్తే నాకు బాధేసింది. ఇప్పటికీ ఉంది.

కానీ ఆ మర్యాద నన్నూ తిన్నది. హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు ప్రమోషన్ అడిగితే చూద్దామమ్మా అన్నారు. రెండేళ్ళు చూశారు. లగార్డ్‌కి కుర్రతనంలో పారిస్‌లో ఓ లా ఫర్మ్ ఇంటర్వ్యూలోనే చెప్పేశారట, ఆడపిల్లవి, నిన్ను ఎప్పటికీ పార్ట్‌నర్‌ని చేయం అని. ఎంత మోటు మాట! ఆవిడ లేచి బయటికొచ్చేసింది. 1981లో ఒక అమెరికన్ ఫర్మ్ పారిస్ ఆఫీసులో చేరింది. 1999లో ఆ ఫర్మ్ మొత్తానికి అధిపతి అయ్యింది, ఆ కుర్చీలో తొలి మహిళగా. తర్వాత 2007లో ఫ్రాన్స్ ఆర్థిక మంత్రి, 2011లో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ (ఐఎంఎఫ్) అధిపతి. అన్నిచోట్లా తొలి మహిళే. ఆ మోటు మాట వల్ల కనీసం రెండేళ్ళు మిగిలాయి ఆవిడకి.

అంతా నల్లేరు మీద నడక కాదు. టీనేజ్‌లోనే తండ్రి పోతే తల్లి నలుగురు పిల్లల్ని పెంచింది. పెద్ద అధికారుల్ని తయారుచేసే కాలేజీ ఎంట్రన్స్ రెండుసార్లు తప్పింది. మంత్రిగా ఉన్నప్పటి ఒక పరిహారం కేసులో నిర్లక్ష్యం చూపారని 2016లో కోర్టు తేల్చింది, శిక్ష మాత్రం వేయలేదు. ఇవన్నీ మోస్తూనే మైకు ముందు నిలబడుతుంది. అమ్మాయిగా ఉన్నప్పుడు ఫ్రాన్స్ జట్టులో ఈత విన్యాసాలు చేసేది. పళ్ళు బిగించు, నవ్వు అని కోచ్ నేర్పిన మాట ఇప్పటికీ చెబుతుంది. మా అమ్మ కూడా నన్ను అత్తారింటికి పంపుతూ అచ్చం ఇదే చెప్పింది. అమ్మ చెప్పింది ఓర్చుకోవడానికి. ఆవిడ వాడుకున్నది నీళ్ళలోంచి తల పైకెత్తడానికి.

తర్వాతి మంగళవారం కొత్త రిపోర్టు శుక్రవారానికి కావాలన్నాడు మేనేజర్. గొంతు తడారిపోయింది. “శుక్రవారానికి కుదరదు, వచ్చే బుధవారం ఇస్తాను” అన్నాను. తలెత్తకుండా ‘బుధవారం’ అని రాసుకుని తర్వాతి పాయింటుకి వెళ్ళిపోయాడు. అంతే. నేను ఇంకా గుండె పట్టుకునే ఉన్నాను.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. “ఈసారైనా సంక్రాంతికి వస్తున్నావా తల్లీ? నాన్న మంచాలకి కొత్త నవ్వారు కూడా అల్లించారు.”

జనవరిలో మాకు ఇయర్ ఎండ్ రిపోర్టులు. సెలవు దొరకదు.

“అలాగేనమ్మా” అన్నాను.